మలుపు దగ్గర గెంతు

ఇసహాయ,
ఏప్రిల్ నెల

పూజ్యులైన ఉషిజిమా గురువుగారికి,

చెర్రీ పూలు సగం రాలిపోయి, మిగతా సగం వానకు తడుస్తున్న ఈ రోజుల్లో మీరు ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. మీరు ఉద్యోగం మానేసి ఫుకుయె దీవిలో మీ అక్కగారింటికి వెళ్ళిపోయి ఏడాది దాటింది. మీ కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదు. భక్తి వల్ల కాదు, దాని చక్రం ఊడింది.

గురువుగారూ, నా నెత్తిన ఒక కుర్రాణ్ణి పెట్టారు! పేరు హొజుమి. మొన్ననే చదువు ముగించుకుని మన ఆసుపత్రిలో ఫిజియోగా చేరాడు. తలుపు దాటినప్పుడల్లా తల తగిలేంత పొడుగు. అయిదేళ్ళ కిందట మీరు నాకు నేర్పినట్టే ఈ ఏడాదంతా వీడికి నేను పని నేర్పాలట. మన విభాగం పెద్ద కాగెయామా గారు నన్ను పక్కకు పిలిచి, "పోయినేడు చేరిన పిల్ల వేసవి రాకముందే చక్కాపోయింది. అంతకుముందు వాడూ అంతే. వీణ్ణయినా నిలబెట్టు తల్లీ, నీకు పుణ్యముంటుంది" అన్నారు. అప్పటినుంచి నాకు అన్నం సహించడం లేదు.

మొదటి రోజు వాడు వాకరుకు వంగి దణ్ణం పెట్టాడు. అదేమిట్రా అంటే, "రేపట్నుంచి కలిసి పనిచెయ్యాలి కదండీ" అన్నాడు. చెర్రీ చెట్ల కింద పూల విందుకి చోటు పట్టి ఉంచడం ఆనవాయితీగా కొత్తవాడి పని కదా, తెల్లారకముందే పార్కుకి పంపాం. మేం వెళ్ళేసరికి మా చాప మీద ఎవరో బ్యాంకు ఉద్యోగులు వరసగా బోర్లా పడుకుని ఉన్నారు. వాళ్ళలో ఒకాయన నడుము పట్టేసిందన్నాడట. వీడు అందరికీ వ్యాయామం చేయిస్తున్నాడు. మేం నిలబడే తిన్నాం.

మీరు నాకు చెప్పిందే వాడికీ చెప్పాను. "నోటితో అడగకు, కళ్ళతో అడుగు" అని. ఇప్పుడు నా నీడకంటే దగ్గరగా నడుస్తున్నాడు. నేను తుమ్మినా రాసుకుంటున్నాడు. నేను సరిగ్గా నేర్పుతున్నానా గురువుగారూ? భయంగా ఉంది.

మీ శిష్యురాలు,
ఇసోగాయ్ మినోరి

*

ఫుకుయె,
మే నెల

మినోరీ,

చెర్రీ పూల సంగతి నాకెందుకు రాశావు? ఇక్కడా రాలాయి. కిటికీ నాకూ ఉంది.

ఆ పిల్లాడికి నువ్వు ఎక్కువగా చెప్పకు. చెప్పేకొద్దీ మొద్దుబారతారు. రోగిని ఎలా పట్టుకోవాలో, ఎలా లేపాలో, ఎలా నడిపించాలో చేసి చూపించు. నేను నీకలాగే నేర్పాను. నువ్వు మొదట్లో రోగి ఎడమ కాలికి కట్టాల్సిన పట్టీని కుడి కాలికి కట్టి, పైగా ముడి బాగా వచ్చిందని మురిసిపోయిన దానివి. నువ్వే పనికొచ్చావంటే వాడూ పనికొస్తాడు.

ఇక్కడా ఒక కొత్త పిల్ల ఉంది. చిసాతొ అని, ఈ దీవి ఆసుపత్రిలో ఈ ఏడే చేరింది. ఇళ్ళకు వెళ్ళి వ్యాయామాలు చేయిస్తుంది. దాని పని నేను దగ్గరనుంచే గమనిస్తున్నాను. ఎంత దగ్గరంటే అది ఏ సబ్బు వాడుతుందో కూడా చెప్పగలను. "కొంచెం లేద్దామా అండీ, మీకిష్టమైతేనే" అంటుంది. అలా బతిమాలితే ఎవరు లేస్తారు? నేనైతే లేవను. లేవలేదు కూడా. అంటే, రోగి లేవలేదని నా ఉద్దేశం.

వేసవి సెలవుల్లో ఇటు వస్తానంటావేమో, రావద్దు. ఇంటికి రంగులేస్తున్నారు.

ఉషిజిమా

*

ఇసహాయ,
జూన్ నెల

పూజ్యులైన గురువుగారికి,

ఎడతెగని ముసురులో నీలి పూల పొదలు కళకళలాడుతున్న ఈ వేళ, ఇంటి రంగులు త్వరగా ఆరాలని కోరుకుంటున్నాను.

ఇక్కడ ఒక వింత జబ్బు మొదలైంది. నవ్వకండి. మన రోగులు గెంతుతున్నారు.

ముందు తొమె బామ్మ గెంతింది. తొంభై దాటిన మనిషి, కాలు విరిగి వచ్చింది, చక్కగా కోలుకుంది. ఒకరోజు నడవా చివర మలుపు దగ్గర ఆగి, ఎడమ తుంటి మీద చేత్తో ఒక్కటి తట్టుకుని, పిచ్చుకలా చిన్న గెంతు గెంతి తిరిగింది. మర్నాడు మంగలి సకోదా తాత. ఆయనకు పక్షవాతం, ఆవిడకు విరిగిన కాలు, జబ్బులకు పొంతనే లేదు. గెంతు మాత్రం ఒక్కటే. ఇప్పుడు అంతస్తంతా అదే నడక. పొద్దున భోజనాల గదికి వరసగా వస్తుంటే మలుపు దగ్గర తట్టు, గెంతు, తట్టు, గెంతు! నర్సులు ట్రేలు పట్టుకుని గోడకు అతుక్కుపోతున్నారు.

డాక్టరుగారు అందరికీ రక్తపరీక్షలు రాశారు. అందరి రక్తమూ బాగుంది, ఆయనది తప్ప. నర్సుల పెద్ద, నేల వాలుగా ఉందేమోనని పింగ్‌పాంగ్ బంతి పెట్టి చూసింది. అది దొర్లుకుంటూ పోయి లిఫ్టులోకి వెళ్ళి మూడో అంతస్తుకు చేరింది. అంతే, మేస్త్రీని పిలిపించారు. ఆయన రెండు రోజులు కొలిచి, "నేల బాగానే ఉందండీ. మీ బంతే గుండ్రంగా ఉంది" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఈ గొడవలో నాకు ఊరట మా హొజుమే. మహా శ్రద్ధగా చేస్తున్నాడు. రోగులు వాడి మాట జవదాటరు. వాడు నిలబడతాడనే అనిపిస్తోంది. మీకీ గెంతు గురించి ఏమైనా తోస్తే రాయండి.

మినోరి

*

ఫుకుయె,
జూలై నెల

మినోరీ,

అది నేలే. మేస్త్రీలకేం తెలుసు? ఆ భవనం కట్టినప్పటినుంచీ పడమరకు ఒరిగి ఉంది. ఇక ఆ విషయం వదిలెయ్.

ఎడమ తుంటి అన్నావు కదూ? కుడి కాదుగా? ఊరికే అడిగాను.

చిసాతొ మొన్న ఏడ్చింది. రోగి మొండిదట. "ఎన్నాళ్ళొచ్చినా కిటికీ దగ్గర్నుంచి కదలరు, నేను పనికిరానేమో" అని గుమ్మంలో నిలబడి ఏడ్చింది. నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. బిస్కెట్టు అయ్యుంటుంది.

రంగులు ఇంకా ఆరలేదు.

ఉషిజిమా

*

ఇసహాయ,
ఆగస్టు నెల

గురువుగారికి,

ఈసారి వాతావరణం రాయడం లేదు. రాసే ఓపిక లేదు.

గెంతు నాది.

కాగెయామా గారు, "అసలు మంచి నడక ఎలా ఉంటుందో తీసి రోగులకు చూపిద్దాం, నువ్వు నడువు" అంటే నడిచాను. హొజుమి ఫోనులో తీశాడు. భోజనాల గదిలో పెద్ద తెర మీద వేశారు. తెర మీద నేను ఠీవిగా నడిచి వెళ్ళి, మలుపు దగ్గర ఆగి, ఎడమ తుంటి తట్టుకుని గెంతాను. తొమె బామ్మ ఒక్కతే చప్పట్లు కొట్టి, "ఆఁ, అదే! ఈ అమ్మాయికి బాగా వచ్చింది!" అంది.

నేను గెంతుతానని నాకు తెలియదు. ఎవరూ ఎన్నడూ చెప్పలేదు. కాగెయామా గారిని అడిగితే, "నీ కాలేదో బాధలో ఉందేమో, అడిగితే నొచ్చుకుంటావని ఊరుకున్నాం" అన్నారు. అయిదేళ్ళు ఊరుకున్నారండీ, ఇంతమంది, మర్యాదకి!

హొజుమి ముఖం పాలిపోయింది. "నోటితో అడగొద్దన్నారు కదండీ. మీరు ప్రతి మలుపు దగ్గరా చేస్తారు, పద్ధతి అదేననుకున్నాను. తొమె బామ్మగారు మామూలుగానే నడిచేశారండీ. గెంతు లేదని నేనే మళ్ళీ మళ్ళీ చేయించాను" అన్నాడు. ఆ సాయంత్రం కాస్టెల్లా కేకు డబ్బాలు కొని, ఒక్కొక్క మంచం దగ్గరకీ వెళ్ళి నేలకు తల ఆనేలా వంగి క్షమాపణ చెప్పుకున్నాడు. చక్కెర జబ్బున్న వాళ్ళకు కూడా కేకు ఇచ్చాడని నర్సుల పెద్ద తిట్టింది. దానికి ఇంకో విడత క్షమాపణ.

ఇప్పుడు వెళ్ళిపోతానంటున్నాడు. ఫిబ్రవరిలో కొత్తవాళ్ళు తమ రోగి గురించి అందరి ముందూ మాట్లాడాలి కదా, అది ముగించి ఉద్యోగం వదిలేస్తాడట. షిమబారలో వాళ్ళ నాన్నగారి తతామి చాపల దుకాణం ఉంది. "చాపలు గెంతవు కదండీ" అన్నాడు. తప్పంతా నాది, వాడిది కాదు. వాడి ముందు ఆ ముక్క కూడా సరిగ్గా చెప్పలేకపోయాను.

ఇంకొకటి. నా తుంటికి ఎక్స్‌రే తీశారు. "పుస్తకంలో అచ్చు వేసుకోవచ్చు, అంత బాగుంది" అన్నారు డాక్టరుగారు. మరి నేనెందుకు గెంతుతున్నట్టు? హొజుమి, ఆసుపత్రి ఆవరణలో మనం ఆడిన పాత బోన్ పండుగ నాట్యాల వీడియోలు తిరగేశాడు. ఒకదాంట్లో మీరు ముందు, నేను మీ వెనక. మలుపు తిరిగినప్పుడల్లా ఇద్దరం గెంతుతున్నాం. వాడు అదే పదేపదే చూసి నెమ్మదిగా అన్నాడు: "ఇసోగాయ్ గారూ, మీరు తట్టుకోవడం, గెంతడం ఒకేసారి చేస్తారు. నాట్యంలా. ఈవిడ ముందు తట్టుకుని, పళ్ళు బిగించి, అప్పుడు గెంతుతున్నారు. ఈవిడకి నొప్పిగా ఉందండీ."

గురువుగారూ, నాలుగేళ్ళు మీ వెనక తిరిగి నేను నేర్చుకున్నది మీ నొప్పినా? మీ తుంటి ఎలా ఉంది? ఆ ఇంటికి నిజంగా రంగులేస్తున్నారా?

మినోరి

*

ఫుకుయె,
సెప్టెంబరు నెల

మొద్దూ,

జవాబు రాసేలోగా మనిషినే పంపిస్తావా? పంపలేదని బొంకకు. నా చిరునామా వాడికి కలలోకి రాలేదు కదా.

మొన్న ఆదివారం తలుపు పై కమ్మీకి ఎవరో ఢీకొన్న చప్పుడైంది. చూస్తే తాటిచెట్టంత కుర్రాడు. పడవలో దారంతా కక్కుకున్నాడట, ముఖం పచ్చగా ఉంది. చేతిలో కాస్టెల్లా డబ్బా, దాని మీద వాడే కూర్చున్నట్టుంది. "ఉషిజిమా గారి నడకను అనుమతి లేకుండా వాడుకున్నందుకు క్షమించాలి" అన్నాడు. నా అరవై మూడేళ్ళ బతుకులో అలాంటి క్షమాపణ వినలేదు.

అప్పుడు వాడు వాకరును చూశాడు. దాని మీద మా అక్క ఉతికిన బట్టలు ఆరేసింది. ముందు దానికి దణ్ణం పెట్టాడు. తర్వాత బట్టలన్నీ ఒక్కొక్కటే తీసి మడతపెట్టాడు, మా అక్క లోదుస్తులతో సహా. ఆవిడ వంటింట్లోంచి ఇంతవరకూ బయటికి రాలేదు. ఆఖరికి నా వైపు తిరిగి, "ఆపరేషన్ ఎప్పుడయిందండీ?" అన్నాడు.

అయింది. ఫిబ్రవరిలో. తుంటి మార్చారు. చిసాతొ రోగిని నేనే. నువ్వు తప్ప ఈపాటికి అందరూ కనిపెట్టే ఉంటారు.

వాడు చిసాతొ వచ్చేదాకా కూర్చున్నాడు. ఆ పిల్ల ఎప్పట్లాగే "కొంచెం లేద్దామా అండీ" అంది. నేను ఎప్పట్లాగే కిటికీలోంచి చూశాను. అప్పుడు వాడు లేచి, "అనుమతిస్తారా" అని, ఈ గది ఆ చివర్నుంచి ఈ చివరికి నాలా నడిచాడు. మినోరీ, వాడు నవ్వులాటకి చెయ్యలేదు. భుజం ఎక్కడ దిగుతుందో, పళ్ళెక్కడ బిగుస్తాయో, అంతా. ఎన్నో ఏళ్ళు ఎవరికీ తెలియకుండా దాచాననుకున్నది చాప మీద అడ్డంగా నడిచిపోయింది. ఇంత ఘోరంగానా నేను నడిచింది? చిసాతొ ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది. నేను రెండూ కలిపి చేశాను.

"తుంటి కొత్తది కదండీ, మరి భయం పాతదా?" అని అడిగాడు వాడు. నోటితోనే అడిగాడు. ఎంత మందికి చెప్పాను నేను, భయపడకండి, లేవండి అని! నా దాకా వచ్చేసరికి కుర్చీకి అతుక్కుపోయాను. పడిపోతానేమోనని భయం మినోరీ, చిన్నపిల్లకున్నంత భయం. చెప్పుకోవడానికి సిగ్గేసి ఆ పిల్లను ఏడిపించాను.

లేచాను. వాకరు పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళాను.

నోటితో అడగకు అని నీకు నేర్పింది నేనే. అది గొప్ప పద్ధతి అనుకున్నాను. "ఎందుకు గెంతుతున్నారు గురువుగారూ" అని నువ్వొక్కసారి అడిగి ఉంటే నీ చెవి మెలేసి ఉండేదాన్ని. కానీ మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్ళి ఉండేదాన్ని. వాణ్ణి చాపల పాలు చెయ్యకు. ఆ కళ్ళు ఉన్నవాడు మళ్ళీ దొరకడు.

ఉషిజిమా

(కేకు బాగుంది. చదునుగా.)

*

ఇసహాయ,
డిసెంబరు నెల

గురువుగారికి,

చలి ముదిరిన ఈ రోజుల్లో మీరు మేడ మెట్లు ఎక్కుతున్నారని చిసాతొ హొజుమికి కబురు పెట్టిందట. వాళ్ళిద్దరూ తెగ రాసుకుంటున్నారు. అన్నీ తుంటి గురించేనని వాడంటాడు.

మా దగ్గర ఇప్పుడు కొత్త పద్ధతి, నోటితో అడగడం. తలుపు తెరిచినట్టయింది, ఇక మూయలేకపోతున్నాం. "ఇసోగాయ్ గారూ, రోగిని లేపేటప్పుడు మీరు నాలుక ఎందుకు బయటపెడతారు? అది సాయపడుతుందా?" అని కాగెయామా గారి ముందే అడిగాడు. కాగెయామా గారు తన నాలుక లోపలికి లాక్కోవడం నేను చూశాను.

గెంతు మాన్పించడం మొదలుపెట్టాం. తొమె బామ్మకు నెల పట్టింది. ఇప్పుడు ఇద్దరూ ఇళ్ళకు చేరి, వ్యాయామాలకు వచ్చిపోతున్నారు. సకోదా తాత మాత్రం గెంతు మానమంటే ససేమిరా అంటున్నాడు. "ఊరంతా నన్ను గుర్తుపడుతున్నారు. క్షవరానికి వచ్చేవాళ్ళు గెంతమని అడుగుతున్నారు. ఇది వదిలితే నా కొట్టు ఏం కావాలి?" అని పోట్లాడాడు. నేనూ మానలేకపోతున్నాను. మలుపు వస్తే చెయ్యి దానంతట అదే వెళుతుంది. ఇప్పుడు నాకు వ్యాయామాలు చేయించేది హొజుమే. "కొంచెం ఆగి తిరుగుదామా అండీ" అంటాడు, వాడి రోగుల్లో నేనొకత్తెను.

కానీ వాడు వెళ్ళిపోతాడు. వాడి తెల్ల బూట్లు ముందు చిరిగి వేలు కనబడుతోంది. టేపు చుట్టుకుంటున్నాడు. కొత్తవి కొనుక్కోరా అంటే, "ఇంకెంతకాలం లెండి, దండగ" అన్నాడు. నాకు ఏడుపొచ్చి మందుల గదిలోకి వెళ్ళిపోయాను. ఉండమని అడగాలని రోజూ అనుకుంటాను. వాడికి ప్రశ్నలడగడం నేర్పి, నేను ఒక్కటి అడగలేకపోతున్నాను. కాదంటాడేమోనని భయం.

ఫిబ్రవరి ఆఖర్లో వాడు మాట్లాడే రోజున మీరు రాగలరా? నాగసాకి రేవుకి నేనొస్తాను.

మినోరి

*

ఫుకుయె,
మార్చి నెల

మినోరీ,

ఇక్కడ ఎర్ర కామెల్లియా పూలు నేల నిండా రాలి ఉన్నాయి. కొండ దిగువ దారి వెంట చివరిదాకా. కిటికీలోంచి చూసి చెప్పడం లేదు, పోయి చూసొచ్చాను.

ఇక రేవులో నువ్వు చేసిన ఘనకార్యం. పడవ దిగి నేను నీ ఎదురుగానే వచ్చాను. నువ్వు నన్ను దాటి చూశావు. నా వెనక ఎవరో పెద్దావిడ కుంటుకుంటూ దిగుతోంది. నువ్వు "గురువుగారూ!" అని పరుగెత్తి ఆవిడ చేతులు పట్టుకుని, వలవలా ఏడ్చి, నాకోసం తెచ్చిన భోజనం డబ్బా ఆవిడ చేతిలో పెట్టావు. ఆవిడ మర్యాదస్తురాలు, తనూ ఏడ్చి డబ్బా పుచ్చుకుంది. వీపు మీద నేనొకటి చరిస్తే గానీ నీకు తెలివి రాలేదు.

నాకు కోపం రాలేదే. నా ముఖం కోసం కాదు, నువ్వు నా గెంతు కోసం చూశావు. అది లేకుండా నువ్వు నన్నెప్పుడూ చూడలేదు. ఆకలితో ఇసహాయ దాకా వచ్చానన్నది వేరే సంగతి.

హొజుమి బాగా మాట్లాడాడు. "నేను పాడుచేసిన నడక, తొమె గారు బాగుచేసుకున్న నడక" అని పేరు పెట్టాడు. బామ్మ లేచి నడిచి, మలుపు దగ్గర ఆగి, మామూలుగా తిరిగేసరికి హాలంతా ఊపిరి బిగబట్టింది. వెనక వరసలో సకోదా గెంతి పాడుచేశాడు.

ప్రశ్నలున్నాయా అని కాగెయామా అడిగితే ఎప్పట్లాగే అందరూ బల్లల వంక చూశారు. నువ్వు అడుగుతావేమోనని నీవైపు చూశాను. నీ నాలుక బయట ఉంది, మాట మాత్రం లేదు. అందుకే నేను చెయ్యెత్తాను. "ఏప్రిల్ నుంచి తొమె గారి నడక ఎవరు చూస్తారు?" అన్నాను. వాడు పక్కనున్న వాకరుకు దణ్ణం పెట్టాడు. దాన్ని జవాబు అంటారా?

అప్పుడు నువ్వు లేచావు. "హొజుమీ, ఉంటావా?" అన్నావు. అంతే. నీ వెనక కుర్చీ పడింది. నేను నీకు నేర్పనిది నువ్వు చేసిన మొదటి పని అది. వాడు "ఆలోచిస్తానండీ" అని చెవులదాకా ఎర్రబడ్డాడు. మన వాళ్ళు ఆలోచిస్తానన్నారంటే సాధారణంగా కాదనే. అందుకే అప్పట్నుంచీ నాకు నిద్ర లేదు. ఏమైందో వెంటనే రాయి. వాతావరణం వద్దు.

ఉషిజిమా

*

ఇసహాయ,
ఏప్రిల్ నెల

గురువుగారికి,

ఈ పొద్దున నేను నడవాలో సకోదా తాతతో పోట్లాడుతున్నాను. మార్చి ఆఖరు దాకా హొజుమి ఔననలేదు, కాదనలేదు. సెలవు పెట్టి షిమబార వెళ్ళాడు. ఆసుపత్రిలో వాడి బీరువా ఖాళీగా ఉండటం నా కళ్ళతో చూశాను. కాగెయామా గారు నా వంక చూడటం మానేశారు.

అప్పుడు మలుపు అవతలనుంచి కిర్రు, కిర్రు అని చప్పుడు మొదలైంది. పందికొక్కు దూరిందని నర్సుల పెద్ద చీపురు తీసింది. చప్పుడు దగ్గరకొచ్చింది. తలుపు కమ్మీకి ఏదో ఢీకొంది.

కొత్త బూట్లండీ గురువుగారూ! తెల్లగా, పెట్టెలోంచి అప్పుడే తీసినట్టున్నాయి. ఇంకా సాగలేదు, అడుగు వేస్తే చాలు అరుస్తున్నాయి. "నాన్నగారు కొనిచ్చారండీ. చాపలు తను చూసుకుంటానన్నారు" అన్నాడు. నేను అక్కడే, రోగులందరి ముందూ, భోరుమన్నాను. తొమె బామ్మ తన రుమాలిచ్చింది.

కాగెయామా గారు ఈ ఏడు వాడికీ ఒక కొత్త అమ్మాయిని అప్పగించారు. వాడు ఆ పిల్లకు మొదట చెప్పిన మాట, "నేనేం చేసినా ఎందుకని అడుగు."

మధ్యాహ్నం చూద్దును కదా, ఆ పిల్ల వాకరు ముందు నిలబడి వంగి దణ్ణం పెడుతోంది. ఎందుకని మాత్రం అడగలేదు.

మినోరి